గుర్రం కథలో పసివాడు

వేసవి రాత్రి కరెంటు పోయిందంటే మా తాడిపత్రిలో ఇంట్లో ఉండలేం. మిద్దె మీద నీళ్లు చల్లి, చాపలు పరిచి, పిల్లలిద్దరినీ చెరోపక్క పడుకోబెట్టుకుంటే ఇక కథలే కథలు. రామాయణ, భారతాలు అయిపోయాయి. "కొత్తది చెప్పమ్మా" అన్నాడు మావాడు.

మా అమ్మ బైండు చేయించి దాచిన పాత చందమామలు గుర్తొచ్చాయి. కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికను చూసుకున్న కాలంలో (1952-80) గ్రీకుల ట్రాయ్ యుద్ధం 'భువనసుందరి'గా, యుద్ధం నుంచి ఇల్లు చేరడానికి ఒక వీరుడు పడ్డ పాట్లు 'రూపధరుని యాత్రలు'గా వచ్చాయి. పేర్లు మనవైపోయాక పరాయి కథలని తోస్తేనా!

రోజుకింత చెప్పుకొచ్చాను. కొయ్యగుర్రం లోంచి సైనికులు దిగగానే మావాడు ఒకటే చప్పట్లు. పాప మాత్రం, "మరి హెక్టర్ కొడుకు ఏమయ్యాడమ్మా?" అంది. యుద్ధానికి పోతూ హెక్టర్ ఎత్తుకోబోతే, నాన్న శిరస్త్రాణం మీది కుచ్చు చూసి జడుసుకుని ఏడ్చిన పసివాడు. తండ్రి నవ్వి, దాన్ని తీసి కింద పెట్టి ముద్దాడిన బిడ్డ.

నా గొంతులో వెలక్కాయ పడింది. గెలిచినవాళ్లు ఆ బిడ్డను కోటగోడ మీంచి పడేశారంటాయి గ్రీకు గాథలు.

"బతకనివ్వలేదమ్మా" అన్నాను.

"చిన్నోడు ఏం చేసినాడని?"

"పెద్దయి పగ తీర్చుకుంటాడని భయం."

మావాడి చప్పట్లు ఆగిపోయాయి. "మన పల్లెల్లో కక్షల మాదిరేనా?" అన్నాడు మెల్లగా. ఈ సీమలో పిల్లలకు ఆ సంగతులు వేరే చెప్పక్కర్లేదు. పెద్దలు మాట్లాడుకుంటుంటే వినేస్తారు. అక్కడా తొడగొట్టినవాడే హీరో!

మర్నాడు కథను వెనక్కి తిప్పాను. హోమర్ 'ఇలియడ్' గుర్రంతో ముగియదు, హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. కొడుకు శవాన్ని రథానికి కట్టి ఈడ్చిన అకిలీస్ దగ్గరికి ముసలి రాజు ప్రియాం రాత్రిపూట వెళ్తాడు. కొడుకును చంపిన చేతుల్నే ముద్దాడి శవాన్ని అడుగుతాడు. అకిలీస్‌కు తన తండ్రి గుర్తొస్తాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. పదకొండు రోజులు యుద్ధం ఆపుతానని అకిలీస్ మాటిస్తాడు. ఆ తర్వాత హెక్టర్ భార్య, తల్లి, హెలెన్ శవం దగ్గర చేసే విలాపం వింటే మన స్త్రీపర్వంలో గాంధారి గుర్తు రాకమానదు.

యుద్ధ కథలు పిల్లలకు వద్దని నేననను. అయితే కత్తి దెబ్బలు వర్ణించినంత సేపూ ఓడినవాళ్ల ఇంట్లో ఏమైందో కూడా చెబుదాం. పిల్లలు అడిగినప్పుడు "నోర్మూసుకుని పడుకో" అనకుండా, వాళ్ల వయసుకు తగ్గట్టు రెండు ముక్కల్లో నిజమే చెబుదాం.

నిన్న రాత్రి మళ్లీ కరెంటు పోయింది. మావాడు గుర్రం ఊసెత్తలేదు. "ఆ ముసలి రాజు కత చెప్పమ్మా" అన్నాడు.