చూసేది కోట్ల మంది... కూలి ఎవరికి?
ఫోను వీడియోల బతుకుదెరువుపై పాలమూరు, నల్గొండ పల్లెల్లో ఆశలు

నాగర్‌కర్నూల్: 2024 మే నెలలో ఒక వీడియో పాలమూరు పల్లెల్లో ఫోను నుంచి ఫోనుకు తిరిగింది. హైదరాబాదు శివార్లలోని తుర్కయాంజాల్ వద్ద ఒక కట్టడం దగ్గర డెబ్బై యేళ్ళు దాటిన పెద్దాయన కూలిపని చేస్తున్నారు. ఆయన యెవరో కాదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన కిన్నెర మొగులయ్య. 12 మెట్ల కిన్నెర మీద వీరుల కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న కళాకారుడు. 2021 సెప్టెంబరులో వచ్చిన 'భీమ్లా నాయక్' సినిమా పాట యెత్తుగడలో వినిపించే గొంతు ఆయనదే.

ఆ పాటను యూట్యూబ్‌లో కోట్ల సార్లు చూశారు. ప్రభుత్వం 2022లో ఆయనకు కోటి రూపాయలు ప్రకటించింది. అది పిల్లల పెళ్ళిళ్ళకూ ఇంటికీ ఖర్చయిందని, నెలనెలా వచ్చే 10 వేలు కూడా ఆగిపోయాయని ఆయన అప్పట్లో పత్రికల వారికి చెప్పుకున్నారు. ఆ సాయం సంగతి అలా వుంచితే, పాట లెక్క వేరే వుంది. యూట్యూబ్‌లో ప్రకటనల ద్వారా వచ్చే డబ్బు పాడిన గొంతును వెతుక్కుంటూ రాదు. చానెల్ యెవరి పేర వుందో, హక్కులు యెవరి చేతిలో వున్నాయో వారికి పోతుంది. ఆయన కూలిపని చేస్తున్న వీడియోను పెట్టిన చానెళ్ళకు కూడా ఈ లెక్కనే నాలుగు డబ్బులు ముట్టి వుంటాయి. ఆయనకు మాత్రం ఆ పూట కూలే.

ఇదంతా ఇప్పుడు యెందుకంటే, ఈ విలేఖరి అక్క అచ్చంపేట వైపు పల్లెలో వుంటుంది. ఆమె కొడుకు ఇంటర్ అయ్యాక హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోతూ వస్తూ, మేకలు, గొర్రెల పెంపకం మీద వీడియోలు తీస్తున్నాడు. పనికి పోకుండా ఇదే చేస్తానని ఈ మధ్య కూర్చున్నాడు. "తమ్మీ, నువ్వు పేపరోనివి గదా, ఫోను పట్టుకొని వీడు బతుకుతడా?" అని అక్క అడిగింది. వెంటనే జవాబు చెప్పలేక, వచ్చి ఈ లెక్కలన్నీ ఆరా తీయాల్సి వచ్చింది.

అందరి చేతుల్లో కెమెరా

2016లో జియో వచ్చి ఇంటర్నెట్ చౌక అయిన నాటి నుంచి ఈ రెండు పాత జిల్లాల్లో కెమెరా లేని ఇల్లు లేదనే చెప్పాలి. సెలవు రోజున మల్లెలతీర్థం వెళ్ళినా, సోమశిల రేవుకు వెళ్ళినా, భువనగిరి కోట యెక్కినా, కర్రకు ఫోను బిగించి తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు కనబడే కుర్రాళ్ళు యెదురవుతారు. వారు మాట్లాడేది మనతోనే. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె చేసి చూపేవారు కొందరు. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి లంబాడీ పాటలు తీసేవారు మరికొందరు. పెళ్ళి బరాత్‌లో డీజే మీద మోగే జానపదాల్లో చాలా వాటికి యూట్యూబే పుట్టిల్లు.

అందరికీ కళ్ళ ముందున్న ఆదర్శం జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. ఆ వూరి శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో 'మై విలేజ్ షో' మొదలుపెట్టారు. పొలం పనులు చేసుకుంటూ బీడీలు చుట్టిన గంగవ్వ అందులో కనిపించి రాష్ట్రమంతా ఇంటి మనిషి అయింది. 2019లో 'మల్లేశం' సినిమాలో నటించింది. 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్ళి, ఆరోగ్యం సరిపడక మధ్యలో తిరిగి వచ్చింది. లంబాడిపల్లి కథలో గంగవ్వ మాటకారితనమే అందరూ చెప్పుకుంటారు. చానెల్ ఆ వూరి వారిదే అన్నది అంతకంటే పెద్ద సంగతి.

నాలుగు వేల గంటల గడప

వీడియో పెట్టగానే డబ్బు వస్తుందన్న భ్రమ పల్లెల్లో బాగా వుంది. ముందుగా చానెల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు చేరాలి. దానితోపాటు యేడాదిలో జనం ఆ వీడియోలను మొత్తం 4 వేల గంటలు చూసి వుండాలి. మనిషికి 4 నిమిషాల చొప్పున చూస్తే 60 వేల సార్లు చూడాలన్నమాట. పొట్టి వీడియోలయితే 90 రోజుల్లో కోటి సార్లు చూడాలి. ఈ గడప దాటితేనే ప్రకటనల డబ్బులో వాటా. మామూలు వీడియో మీద వచ్చే ప్రతి నూరు రూపాయల్లో చానెల్‌కు 55, యూట్యూబ్‌కు 45. పొట్టి వీడియోలకు చానెళ్ళ కింద లెక్కగట్టిన మొత్తంలో నూటికి 45 మాత్రమే ఇస్తారు.

ఒక్కసారి చూస్తే ఇంత అన్న రేటు యెక్కడా లేదు. పండుగల ముందు ప్రకటనలు పెరిగితే పెరుగుతుంది, ఆ తర్వాత పడిపోతుంది. అమెరికాలో వున్న మన పిల్లవాడు చూస్తే వచ్చే పైకం సాధారణంగా అచ్చంపేటలో చూసిన వారి వల్ల వచ్చేదానికంటే యెక్కువ. మార్కెట్ యార్డులో పల్లికాయ ధరకన్నా అంతుబట్టని ధర ఇది.

ఖాతాలో నూరు డాలర్లు నిండితే గాని బ్యాంకుకు పంపరు. 2025లో చాలా వరకు అది మన డబ్బులో 8 వేల పైచిలుకుగా వుండేది. నిండకపోతే వచ్చే నెలకు జమ. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే అప్పటి లెక్కన నూరు డాలర్లు దాదాపు నాలుగు వారాల మట్టిపనికి సమానం. సెంట్రింగ్ పనిలో అంతకంటే త్వరగా వస్తుంది. అయితే సెంట్రింగ్‌లో జారిపడితే నడుము విరుగుతుంది.

గుంపు మేస్త్రీల కాలం పోలేదు

పాలమూరు కూలీలు కట్టని ప్రాజెక్టు లేదంటారు. యే ప్రాజెక్టు కట్టినా కూలీకి డబ్బు ముట్టేది గుంపు మేస్త్రీ చేతుల మీదుగానే. వీడియోల్లోనూ చాలా చోట్ల ఈ పద్ధతే నడుస్తోంది. పాట రాసిన వానికింత, పాడిన పిల్లకింత, ఆడిన వారికి రోజుకింత అని ఒకేసారి లెక్క తేలుస్తారు. పాట పదేళ్ళపాటు మోగినా ఆ తర్వాత వచ్చేదంతా చానెల్ యజమానికే. కాగితం మీద రాసుకోవడం తక్కువ. తాతల నాటి పాటను కూడా ముందుగా హక్కు నమోదు చేసుకున్న వారు తమదంటే, ఆ పాటను పుట్టింట నేర్చుకుని పాడిన మహిళ వీడియో మీద వచ్చే డబ్బు వారికి మళ్ళిపోయే వీలుంది. యంత్రం రాగాన్ని పోల్చుతుంది గాని, ఆ పాట ముందుగా యెవరి నోట పుట్టిందో దానికి తెలియదు.

లైన్ ఎకౌంట్ మీద వార్తలు రాసి బతికిన ఈ విలేఖరికి ఈ బాధ కొత్తేమీ కాదు. అచ్చయిన లైన్లు కొలిచి డబ్బు ఇచ్చేవారు. తిరిగిన కిలోమీటర్లను యెవరూ కొలవలేదు. యూట్యూబ్‌లోనూ అంతే, తీసిన వీడియోలకు విలువ లేదు, చూసిన గంటలకే విలువ.

పోచంపల్లి, గద్వాల చీరల వారిది మరో దారి. ప్రకటనల డబ్బుతో వారికి పనిలేదు. చీర పరిచి, కొంగు చూపించి, ధర చెప్పి ఫోను నెంబరు ఇస్తారు. 300 మంది చూసి అందులో ముగ్గురు కొన్నా ఆ రోజు గడుస్తుంది. ఈ విలేఖరి దృష్టిలో నికరమైన దారి ఇదే. కాకపోతే అమ్మడానికి చేతిలో సరుకు వుండాలి.

ఆకలి మీద పందెం

ప్రకటనల డబ్బు చాలని చోటనే అసలు ప్రమాదం వుంది. వేలమంది చూస్తున్నారని తెలియగానే బెట్టింగ్ యాప్‌ల వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. ఒక్క నిమిషం పొగిడితే యూట్యూబ్ నెలల తరబడి ఇచ్చేది ఒక్కసారే ఇస్తామంటారు. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు. అయినా ప్రచారం ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసులు ఇలాంటి ప్రచారం చేశారంటూ 11 మందిపై కేసు పెట్టారు. అదే నెలలో సూర్యాపేట జిల్లా నూతనకల్ పోలీసు స్టేషన్‌లోనూ ఒక యూట్యూబర్‌పై కేసు నమోదయింది. ఆ యేడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఈ సంగతి తెలియని పల్లె కుర్రాళ్ళు ఇంకా యెందరో వున్నారు.

అన్నీ సక్రమంగా చేసినా దుకాణం మనది కాదన్న మాట మరవరాదు. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. అప్పటి దాకా లక్షల మంది అభిమానులున్న వారు తెల్లవారేసరికి మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

ఇక అక్క కొడుకు సంగతి. పది డాలర్లు దాటగానే గూగుల్ వారు చిరునామా రుజువు కోసం ఆరంకెల నెంబరును మామూలు తపాలాలో పంపుతారు. నాలుగు నెలల్లో ఆ అంకెలు ఎక్కించకపోతే డబ్బు ఆగుతుంది. ఇంటి నెంబరు సరిగా లేని చోట ఆ వుత్తరం రావడమే ఒక ఘట్టం. మొదటి వుత్తరం జాడ లేదు. రెండోదానికి చిరునామాలో తండ్రి పేరు, వేపచెట్టు గుర్తు చేర్చాడు. మూడు వారాలకు పోస్టుమాన్ తెచ్చి, బ్యాంకు వాళ్ళ నోటీసేమోనని అక్క చేతిలో భయంగానే పెట్టాడట.

ఆ సాయంత్రం ఈ విలేఖరి అక్కడే వున్నాడు. అక్కకు లెక్కలన్నీ చెప్పడం జరిగింది. చానెల్ తన పేరనే వుంచుకోవాలని, బెట్టింగ్ వాళ్ళు ఫోను చేస్తే యెత్తకూడదని కుర్రాడు ఒప్పుకున్నాడు. సోమవారం పొద్దున మళ్ళీ హైదరాబాదు బస్సెక్కాలని, ఆదివారాలు వీడియోలు తీయాలని ఇంట్లో ఒప్పందం కుదిరింది. ఖాతాలో యెంత వుందని అక్క అడిగింది. 11 డాలర్లు. ఇంకా 89 కావాలి.