ఆంగ్లమున తుమున్నర్థకము

బాలవ్యాకరణము (1858) చదివినవారికి 'పోవన్', 'చేయన్' అను తుమున్నర్థకములు క్రొత్తవి కావు. 'ఓరుగల్లు పోవఁ గోరితిని' అను వాక్యమును ఆంగ్లమునఁ జెప్పిన, 'ఐ వాంటెడ్ టు గో టు వరంగల్' అగును. మనకు 'పోవ' ముందు, 'కోరితిని' పిదప, వారికి తాఱుమాఱు. మొదటి 'టు' క్రియను, రెండవది ఊరిని ఆశ్రయించినది. విశేషణము వెంటను ఈ రూపము వచ్చును: 'ఐ యామ్ రెడీ టు పే', చెల్లింప సిద్ధుఁడను.

ఇంతవరకు సుగమమే. చిక్కెల్ల 'స్టాప్' అను క్రియయొద్ద. 'హీ స్టాప్డ్ టు పే ద టాక్స్' అనఁగా పన్ను కట్టుటకై ఆగెను. 'హీ స్టాప్డ్ పేయింగ్ ద టాక్స్' అనఁగా పన్ను కట్టుట మానెను! పిల్లవాఁడు వ్రాసిన ఆంగ్లపు అర్జీపై చేవ్రాలు చేయుటకు ముందు, ఈ క్రియయున్నచోటఁ దెనుఁగున నర్థము చెప్పించుకొనుఁడు.