పట్టణపు చెత్తయు పల్లెరైతును



"మునిసిపాలిటీ లెక్కలతో మాకేమి పని?" అని సభలలో కొందఱు మమ్ము ప్రశ్నించుచుందురు. పని గలదు. ఆశీలు వసూలగు పట్టణములలో, సంతకు గంప దించిన రైతు చెల్లించు పైకము తుదకు మునిసిపాలిటీ ఆదాయములోనే చేరును. అంతేకాదు, మన చేలలో పండిన కాయగూరలు తొక్కలై, తొడిమలై, ఎంగిలియై ఆ పట్టణపు వీధులలోనే పడును. అవి మన నేల సారమే. మరల నేలకు రాకున్న నష్టము మనదే.

1992 సంవత్సరపు 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను పేర్కొన్నది. అందు నీటి సరఫరా, వీధులు, దీపములు, పారిశుద్ధ్యము ముఖ్యములు. ఇంటిపన్ను, నీటి రుసుము, అంగళ్ల అద్దెలు, ప్రభుత్వపు గ్రాంట్లు వీని ఆదాయము. చిన్న పట్టణములలో చెత్తకై వెచ్చించు ధనములో హెచ్చుభాగము ఊడ్చువారి జీతములకును బండ్లకును పోవును. ఎత్తిన చెత్తను ఎరువుగా మార్చుటకు మిగులునది స్వల్పము.

ఈ విద్య క్రొత్తది కాదు. 1924 మొదలు 1931 వరకు ఇందూరునందు ఆల్బర్టు హోవర్డు దొర చెత్తను, పేడను పొరలుగా పేర్చి, తిరుగవేసి ఎరువు చేయు పద్ధతిని రూపొందించెను. 1939 ప్రాంతమున ఆచార్యగారు బెంగుళూరునందు పట్టణపు చెత్తను గోతులలో మాగవేయు పద్ధతిని ఏర్పఱచిరి. మన తెలుగునాట సూర్యాపేట, బొబ్బిలి మునిసిపాలిటీలు ఇంటింట చెత్త సేకరించి వానపాముల ఎరువు చేయించి పేరొందినవి.

మఱి అన్నిచోట్ల ఇట్లేల జరుగకున్నది? మేము కన్నులార చూచినదొకటి చెప్పెదము. ఒక పట్టణమునకు సమీపమున నొక రైతు రెండు ట్రాక్టరుబండ్ల పట్టణపుటెరువును వరిమడికి తోలించెను. నాట్లు వేయునాడు బురదలోని గాజుపెంకు ఒక కూలి స్త్రీ పాదమున దిగెను. ఆమె పదునైదు దినములు పనికి రాలేకపోయెను. ఆ కూలియు, మందుల ఖర్చును రైతే ఇచ్చుకొనెను. మఱుసటి యేడు ఆ యెరువుకొఱకు ఒక్కరును పోలేదు. అమ్ముడుపోని కుప్ప చెఱువుగట్టు ప్రక్కనే పెరిగి, వానలకు కరగి చెఱువులో కలిసెను. చెత్త ఎత్తుటకైన ఖర్చు, ఎరువు చేయుటకైన ఖర్చు రెండును వ్యర్థమయ్యెను.

తప్పంతయు మునిసిపాలిటీదే యనరాదు. తడిచెత్తను, పొడిచెత్తను, ప్రమాదకరమైన వస్తువులను ఇంటియొద్దనే మూడుగా వేఱుచేయవలెనని 2016 నియమములు విధించినవి. గృహస్థులు కలిపివేసిన దానిని పనివారు వట్టిచేతులతో విడదీయుట సాధ్యమా? బ్యాటరీలు కలిసిన చెత్తనుండి సీసము, కాడ్మియము ఎరువులోనికి దిగును.

కావున ఎరువు కొనుటకు ముందు నాలుగు పరీక్షలు చేయుడు. మొదటిది: కుప్పలో గునపము గ్రుచ్చి, కొంతసేపటికి తీసి ముట్టిచూడుడు. వేడిగానున్నను, కుళ్లు కంపు కొట్టినను ఎరువింకను మాగలేదు. రెండవది: జల్లెడ పట్టుడు. 4 మిల్లీమీటర్ల జల్లెడలో నూటికి 90 పాళ్లు దిగవలెనని ఎరువుల నియంత్రణ ఉత్తరువు చెప్పుచున్నది. గాజు, ప్లాస్టిక్కు మిగిలినచో ఆ యెరువును తిప్పిపంపుడు. మూడవది: పరీక్షా పత్రము నడుగుడు. కిలోకు సీసము 100, కాడ్మియము 5 మిల్లీగ్రాములను మించరాదు. నాలుగవది: ఒక కుండలో సగము ఎరువు, సగము మట్టి, మఱియొక కుండలో వట్టి మట్టి పోసి పెసలు చల్లుడు. మొదటిదానిలో మొలకలు తగ్గినచో ఆ యెరువు వలదు.

అతిగా ఆశపడవలదు. నూటికి 0.8 పాలు నత్రజని గల ఎరువు టన్నునకు 8 కిలోల నత్రజని నిచ్చును. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోలుండును. అనగా రెండున్నర టన్నుల ఎరువు ఒక్క బస్తాకు సాటి. ఐనను యూరియా నేలను గుల్లపఱుపదు, తేమను నిలుపదు. మాగిన ఎరువు ఆ రెండును చేయును.

ఒంటరి రైతు మాట మునిసిపాలిటీ వినకపోవచ్చును. సహకార సంఘము పక్షమున వ్రాసిన వినక తప్పదు. వారి ఆయవ్యయముల సంవత్సరము ఏప్రిలులో మొదలగును. కావున పట్టిక తయారగు శీతకాలముననే జల్లెడకును, పాకకును, పనివారి చేతితొడుగులకును పైకము కేటాయింపుమని కోరవలెను. జల్లించి పరీక్షించిన ఎరువును తొలకరికి ముందు ఇన్ని బండ్లు కొందుమని మన సంఘము వ్రాసియీయవలెను. కొనువాడున్నాడని తెలిసిననాడే చేయువాడు జల్లెడ పట్టును. వచ్చు సభ్యుల సమావేశమున ఈ విషయమును చర్చింపుడు.