చిగుళ్ళ సందున సూక్ష్మజీవుల లెక్క

బ్రాక్‌నెల్‌లో గాని, బ్రిటన్‌లోని మరే పట్టణంలో గాని దంతవైద్యుడు నోటిని పరీక్షిస్తూ సహాయకురాలికి కొన్ని అంకెలు చెప్పడం చాలామంది వినే ఉంటారు. నోటిని 6 భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి 0 నుండి 4 వరకు వేసే గుర్తులవి. సన్నని శలాకతో పంటికి, చిగురుకు మధ్యగల సందు లోతును కొలిచి, రక్తస్రావాన్ని, గారను గమనించి వాటిని నిర్ణయిస్తారు. ఇవి జరిగిన నష్టాన్ని తెలుపుతాయి. మరి దానికి కారకమైన సూక్ష్మజీవులను లెక్కించేదెలా?

పంటిపాచిలోని జీవులను 1683లోనే డచ్చి దేశస్థుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినితో చూచి, లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. అయితే చూడడం వేరు, కొలవడం వేరు. చిగుళ్ళ లోతులలో నివసించే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి బాక్టీరియాకు ప్రాణవాయువు గిట్టదు. అందుచేత సన్నని కాగితపు పుల్లను సందులో కొన్ని క్షణాలుంచి నమూనా తీసి, ప్రాణవాయువు లేని పేటికలో రక్తం కలిపిన పోషక పదార్థంపై పెంచాలి. రోజుల తరువాత నల్లని చుక్కలుగా సమూహాలు ఏర్పడతాయి, వాటిని లెక్కిస్తారు.

1983లో కేరీ మలిస్ రూపొందించిన పి.సి.ఆర్. పద్ధతి ఈ నిరీక్షణను తగ్గించింది. ఇందులో బాక్టీరియా డి.ఎన్.ఎ. భాగం ప్రతి ఆవృత్తిలోను దాదాపు రెట్టింపవుతుంది. పది ఆవృత్తులలో ఒకటి 1024 అవుతుంది. వెలుగునిచ్చే రసాయనాన్ని జోడిస్తే, ఎన్నవ ఆవృత్తిలో వెలుగు కనిపించిందో చూచి, తెలిసిన పరిమాణాలతో పోల్చి, మొదట ఎన్ని ఉన్నాయో అంచనా కట్టవచ్చు. పది ఆవృత్తులు ముందుగా వెలిగిన నమూనాలో బాక్టీరియా సుమారు వెయ్యి రెట్లు అధికమన్నమాట.

అయినా ఈ లెక్కకు పరిమితులున్నాయి. చనిపోయిన బాక్టీరియా డి.ఎన్.ఎ. కూడా లెక్కలోకి వస్తుంది. ఆరోగ్యవంతుల నోటిలోనూ ఈ జీవులు కొద్దిగా ఉండవచ్చు. ఒక సందులోని సంఖ్య పక్క పంటి సంగతి చెప్పదు. కనుక ప్రయోగశాల ఫలితం శలాక పరీక్షకు తోడే గాని, బదులు కాదు.

ఈ వ్యాధి తరచు నొప్పి లేకుండానే ఎముకను తినివేస్తుంది. మధుమేహం గలవారికి ముప్పు మరింత ఎక్కువ; పొగత్రాగేవారిలో రక్తస్రావమనే హెచ్చరిక మరుగున పడుతుంది. రక్తం కనిపించగానే తోముకోవడం మానివేయడం పొరపాటు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో ప్రకటించిన ప్రయోగంలో 12 మంది పళ్ళు తోముకోవడం మానివేయగా, 10 నుండి 21 రోజులలో అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి శుభ్రపరచుకోగానే నయమయ్యాయి.