బెకోజీ రైతు బిడ్డ, ఇరవై అయిదు చుట్ల పరుగు

రైతు కూలీల శీర్షికలో పరుగు పందెం కబుర్లేమిటయ్యా అని అడిగేవారుంటారు. అడగనివ్వండి. ఈసారి మేము చెప్పబోయేది ఒలింపిక్సులో రెండుసార్లు బంగారు పతకం గెలిచిన దెరార్తు తులు సంగతి. ఇథియోపియా దేశంలో అర్సీ ప్రాంతపు రైతు బిడ్డ ఆమె. పదిమంది సంతానంలో ఏడవది. చిన్నతనంలో పశువులు కాసింది. (తులు అన్నది తండ్రి పేరు. అక్కడివారికి ఇంటిపేర్లుండవు, కాబట్టి మనమూ దెరార్తు అనే పిలుద్దాం.)

పశువులు కాసిందన్న ఆ ఒక్క ముక్క పట్టుకుని పట్నం రాతగాళ్ళు ఏళ్ళ తరబడి ఒకటే పాట పాడుతున్నారు. పేదరికమే ఆమెను పరిగెత్తించిందట! ఆవుల వెంట పరుగులే శిక్షణ అయ్యాయట! అదే నిజమైతే మన ఊళ్ళలో పాలేరుతనం చేసిన పిల్లలందరి మెళ్ళోనూ ఈపాటికి పతకాలు వేలాడుతూ ఉండాలి. అసలేం జరిగిందో చూద్దాం.

బెకోజీ అనే ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,800 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన. అలాంటి చోట పెరిగిన ఊపిరితిత్తులకు బలం వస్తుంది, అది కాదనం. బార్లీ, గోధుమ పండే నేల. దెరార్తు పుట్టింది 1972లో. అప్పటికి హైలే సెలాసీ చక్రవర్తి ఏలుబడి. 1967 నుంచి స్వీడన్ దేశపు సాయంతో ఆ చుట్టుపక్కల వ్యవసాయాభివృద్ధి పథకం నడుస్తోంది. కొత్త విత్తనాలు, ఎరువులు వచ్చాయి, దిగుబడి పెరిగింది. పెరిగేసరికి భూస్వాములు ట్రాక్టర్లు దింపి, తరాల నుంచి దున్నుకుంటున్న కౌలుదార్లను లేవగొట్టారు. ఈ కథ మన పాఠకులకు కొత్తదేమీ కాదు. 1974లో చక్రవర్తి కూలాడు. 1975 మార్చిలో సైనిక ప్రభుత్వం గ్రామీణ భూమినంతా జాతీయం చేసి కౌలు పద్ధతిని రద్దు చేసింది. అదే ప్రభుత్వం జైళ్ళు నింపింది, యుద్ధాలు సాగించింది. 1984-85లో కరువు లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. ఈ మాటలూ దాచనక్కరలేదు. ఇన్ని అలజడుల నడుమ పెరిగింది ఆ పిల్ల.

పెరిగింది, బడికీ వెళ్ళింది. బడిలో 400 మీటర్ల పందెం పెడితే అందరికన్నా జోరుగా పరిగెత్తే మగపిల్లవాణ్ణి ఓడించింది. తర్వాత జిల్లా పోటీల్లో 800 మీటర్లు గెలిచింది. పదిహేడేళ్ళకు పోలీసు శాఖలో చేర్చుకున్నారు. ఇక్కడ కాస్త ఆగాలి. పట్నం రాతగాళ్ళు గబగబా దాటేసేది ఈ మెట్టునే. పోలీసు ఉద్యోగమంటే నెల జీతం. వేళకు తిండి. పరిగెత్తడానికి తీరిక, నేర్పే మనిషి. అవే గనక లేకపోతే బెకోజీ గాలి ఎంత పలచనైనా ఆ పిల్ల నీళ్ళ కడవ ఎత్తుకుని కొండెక్కుతూనే ఉండేది. 1989లో నార్వేలో జరిగిన ప్రపంచ క్రాస్‌కంట్రీ పోటీలో ఆమెది 23వ స్థానం. మరుసటి ఏడే బల్గేరియాలో ప్రపంచ జూనియర్ పోటీల్లో 10,000 మీటర్ల పతకం ఆమెదే.

ఆ దూరం ఆడవాళ్ళకు తేరగా దొరకలేదు. 1928 ఒలింపిక్సులో 800 మీటర్ల పందెం పెట్టి, చివర కొందరు అలసిపోయారని గోల చేసి, ఆడవాళ్ళకు అంత దూరం పడదని తేల్చారు పెద్దమనుషులు. మళ్ళీ 1960 దాకా ఆ పందెం లేదు. మారథాన్ 1984లో, 10,000 మీటర్లు 1988లో గానీ రాలేదు. పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా వంగి నాట్లు వేసే ఆడవాళ్ళను వాళ్ళెన్నడూ చూడలేదు కాబోలు!

ఇక 1992 ఆగస్టు 7, బార్సెలోనా. ఇథియోపియా 1984, 1988 ఒలింపిక్సులను బహిష్కరించి తిరిగొచ్చింది. వర్ణవివక్ష వల్ల వెలిపడిన దక్షిణాఫ్రికా 1960 తర్వాత మళ్ళీ అప్పుడే అడుగుపెట్టింది. పదివేల మీటర్లంటే ఆరు మైళ్ళ పైచిలుకు, మైదానం చుట్టూ ఇరవై అయిదు చుట్లు. మొదట బ్రిటన్‌కు చెందిన లిజ్ మెకోల్గన్ ముందుండి లాగింది. సగం దాటాక దక్షిణాఫ్రికా తెల్లజాతి యువతి ఎలానా మేయర్ విడిపోయి ముందుకు దూకింది. ఆమె వెంట పట్టుకున్నది దెరార్తు ఒక్కతే. ముందుకొచ్చి నువ్వూ కాసేపు లాగమని మేయర్ సైగ చేసినా దెరార్తు కదలలేదు. ఎదురుగాలిని ముందున్నవాళ్ళు మోస్తారు, వెనకున్నవాళ్ళకు ఒంట్లో సత్తువ మిగులుతుంది. ఇది మోసమేమీ కాదు, పందెపు తెలివి. చివరి చుట్టు దగ్గర పడగానే దూసుకుపోయింది. 31 నిమిషాల 6 సెకన్లు. ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన మొట్టమొదటి నల్లజాతి ఆఫ్రికా స్త్రీ అయింది.

గెలిచి వెళ్ళిపోలేదు. గీత దగ్గర నిలబడి మేయర్ కోసం ఆగింది. ఇద్దరూ కౌగిలించుకుని చేయీ చేయీ పట్టుకుని మైదానం చుట్టారు. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. వర్ణవివక్ష ముగిసిందన్నట్టు రాసినవాళ్ళూ ఉన్నారు. మేయర్ దేశంలో నల్లవారికి అప్పటికింకా ఓటు లేదు. అది 1994 ఏప్రిల్‌లో వచ్చింది, ఫొటో వల్ల రాలేదు. అయినా ఆ ఇద్దరు యువతుల మర్యాదను మేము తక్కువ చేయం.

తర్వాత మోకాలు దెబ్బతిని రెండేళ్ళు పోయాయి. 1995లో ఇంగ్లండులోని డర్హమ్‌లో ప్రపంచ క్రాస్‌కంట్రీ. దారిలో ఏథెన్స్ విమానాశ్రయంలో దాదాపు ఒక రోజంతా ఇరుక్కుపోయింది. నిద్ర లేదు. పందేనికి సుమారు గంట ముందు చేరి, గెలిచింది. 1996 అట్లాంటాలో నాలుగో స్థానం. 1998లో కూతురు పుట్టింది. ఇక ఈమె పని అయిపోయిందనుకున్నారు. అనుకోవడం వాళ్ళ అలవాటు. పురుడు పోసుకున్న నాలుగు వారాలకే కలుపుకెళ్ళే మన అక్కచెల్లెళ్ళను అడిగితే చెప్పేవారు, బలం లేక కాదు, విశ్రాంతి దొరక్క మనిషి చెడుతుందని. దెరార్తు సమయం తీసుకుంది. 2000లో సిడ్నీలో చివరి చుట్టును ఒక నిమిషం చిల్లరలో ముగించి, 30 నిమిషాల 17 సెకన్లతో ఒలింపిక్ రికార్డు పెట్టింది. ఆ దూరంలో రెండుసార్లు గెలిచిన తొలి స్త్రీ ఆమే. 2001లో లండన్ మారథాన్, ఎడ్మంటన్‌లో ప్రపంచ పతకం. 2004లో ఏథెన్స్‌లో కంచు. అక్కడ రజతం తెచ్చుకున్నది ఎజెగయెహు దిబాబా, దెరార్తుకు వరసకు చెల్లెలే. ఎజెగయెహు సొంత చెల్లెలు తిరునెష్ 2008, 2012లలో అదే పదివేల మీటర్ల బంగారం ఎత్తుకుంది.

2009 నవంబరులో న్యూయార్క్ మారథాన్‌లో ఆమెకు ముప్పై ఏడేళ్ళు. గెలుస్తుందని అనుకున్నవాళ్ళు అరుదు. మారథాన్ ప్రపంచ రికార్డు అప్పట్లో బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌ది. దారిలో రాడ్‌క్లిఫ్ కాలి నొప్పితో వెనకబడుతుంటే దెరార్తు ఆమె వైపు తిరిగి, రమ్మని హుషారు చేసిందట. రాడ్‌క్లిఫ్ అందుకోలేకపోయింది, నాలుగో స్థానంలో వచ్చింది. దెరార్తు 2 గంటల 28 నిమిషాల 52 సెకన్లలో మొదట గీత దాటింది.