చేపలలో పాదరసం: జహీరాబాద్ ప్రాంత విస్తరణ కార్యకర్తలు తెలుసుకోవలసిన అంశాలు

జహీరాబాద్ పరిసర గ్రామాలకు చేపలు స్థానిక చెరువుల నుండి, మంజీరా నదిపైనున్న సింగూరు జలాశయం నుండి లభిస్తాయి. 2016-17 నుండి రాష్ట్ర ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. ఈ తరుణంలో, గర్భిణులు చేపలు తినవచ్చునా అన్న ప్రశ్నకు విస్తరణ కార్యకర్త వద్ద శాస్త్రీయమైన సమాధానం ఉండాలి.

బొగ్గు దహనం, బంగారం వెలికితీత వంటి చర్యల వల్ల గాలిలో చేరిన పాదరసం వర్షంతో జలాశయాలను చేరుతుంది. అడుగు బురదలో ప్రాణవాయువు లేని స్థితిలో సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. ఇది ప్లవకాల నుండి చిన్న చేపలకు, వాటి నుండి మాంసాహార చేపలకు చేరుతూ మెట్టుమెట్టుకు సాంద్రమవుతుంది. కండలోని మాంసకృత్తులతో బంధించబడి ఉండటం వలన కడిగినా, వండినా తొలగదు. గర్భస్థ శిశువు మెదడుకు ఇది అత్యంత హానికరం. 1956లో జపాన్‌లోని మినమాటలో వెలుగుచూసిన విషాదమే ఇందుకు నిదర్శనం.

అంతర్జాతీయ ఆహార సంకలిత నిపుణుల సంఘం 2003లో నిర్ణయించిన పరిమితి ప్రకారం కిలో శరీర బరువుకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం మించరాదు. అనగా 60 కిలోల స్త్రీకి 96 మైక్రోగ్రాములు. గ్రాముకు 0.5 మైక్రోగ్రాములున్న చేపను వారానికి 192 గ్రాములు తింటేనే ఈ పరిమితి చేరుతుంది. 0.05 మైక్రోగ్రాములే ఉన్న చేపనైతే 1,920 గ్రాముల వరకు తినవచ్చు. కనుక ఎంత తిన్నామన్నదానితో పాటు ఏ చేపను తిన్నామన్నదీ ముఖ్యమే.

బొచ్చె, రోహు, మోసు వంటి చేపలు ఆహార శృంఖలలో దిగువ స్థాయివి. సాధారణంగా చిన్న వయసులోనే పట్టుబడతాయి. అందువలన వీటిలో పాదరసం తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. వాలుగ, కొర్రమీను మాంసాహారులు. వీటిలోనూ, సముద్రపు సొర, పెద్ద వంజరంలోనూ వయసు, పరిమాణం పెరిగేకొద్దీ పాదరసం పెరుగుతుంది.

చేపలను పూర్తిగా మానిపించడం పరిష్కారం కాదు. మాంసకృత్తులు, అయోడిన్, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు కోల్పోవడం కూడా తల్లీబిడ్డలకు నష్టమే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు చెరువులో పెరిగిన చిన్న, మధ్యస్థ పరిమాణపు చేపలను ఎంచుకొని, పెద్ద మాంసాహార చేపలను తగ్గించాలి. శరీరంలోని మిథైల్ పాదరసం సగానికి తగ్గడానికి సుమారు 50 రోజులు పడుతుంది. కావున ఈ జాగ్రత్త గర్భధారణకు ముందే మొదలు కావాలి. జలాశయాల నుండి జాతి, పరిమాణం వారీగా నమూనాలు సేకరించి పరీక్షించినప్పుడే ఈ సలహాకు స్థానిక ప్రామాణికత చేకూరుతుంది.