యాడ్స్ ఆగాయి సరే.. నెట్ కూడా ఆగిందా? ఈ ఒక్క సెట్టింగ్ చూడండి!

యాడ్స్ గోల భరించలేక ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకున్నారా? ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ఆప్షన్ ఇది. అక్కడ యాడ్‌గార్డ్ లాంటి సర్వర్ పేరు ఇస్తే, యాప్ అడిగే యాడ్ సర్వర్ అడ్రస్‌ను అది చెప్పదు.. యాడ్ రాదు.

చిక్కు ఎక్కడంటే.. కర్నూలు, కడప రైల్వే స్టేషన్లలో రైల్‌వైర్ వైఫై పెడితే ఒక్కోసారి ఓటీపీ పేజీ తెరుచుకోదు. ఆ సర్వర్ అందకపోతే ఏ యాప్‌కీ నెట్ ఉండదు. రైలు ఎక్కడుందో చూద్దామన్నా కుదరదు.

ఇలా చేయండి: సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను 'ఆటోమేటిక్'కి మార్చండి. లాగిన్ అయ్యాక పాత పేరు మళ్లీ పెట్టుకోవచ్చు. మొబైల్ డేటాలోనూ నెట్ రాకపోతే పేరులో అక్షరం తప్పిందేమో చూసుకోండి. పేరు ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండకూడదు.

యూట్యూబ్ యాడ్స్ మాత్రం దీంతో ఆగవు. వీడియో, యాడ్ ఒకే సర్వర్ల నుంచి వస్తాయి మరి!